సున్నం కింది మరకలు

మంగళూరు పెంకు పొడవు సుమారు 41 సెంటీమీటర్లు, వెడల్పు 23కు కాస్త ఎక్కువ. దాన్ని 87వ వంతుకు కుదిస్తే పొడవు ఐదు మిల్లీమీటర్లు కూడా రాదు, వెడల్పు మూడు మిల్లీమీటర్లకు లోపే. ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఆ చలికాలాల్లో, వంటింటి బల్ల మీద దీపం పెట్టుకుని అలాంటి పెంకులను వరస వెంట వరస అంటిస్తూ కూర్చునేవాణ్ణి. ఆ పెంకుల కింద ఉన్నది నేను పెరిగిన రైల్వే స్టేషన్‌కు చిన్న నమూనా.

మార్కాపురం రోడ్డు స్టేషనుకూ గిద్దలూరుకూ నడుమ వచ్చే చిన్న స్టేషన్లలో అదొకటి. గుంటూరు, గుంతకల్లులను కలిపే, పట్టాల మధ్య ఒక మీటరే దూరం ఉండే ఆ మీటర్‌గేజి లైను పని 1880ల్లో మొదలైంది. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ దాన్ని నడిపింది. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసిపోయింది. మా చిన్నతనానికి కంపెనీల కాలం గడిచి చాలా ఏళ్ళయినా, ప్లాట్‌ఫారం మీది బెంచీల ఇనుప కాళ్ళ మీద, ఆఫీసు గదిలోని ఇనప్పెట్టె మీద ఎం. అండ్ ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) అన్న అక్షరాలు అలాగే ఉండేవి. వాటిమీద వేలు పెట్టి దిద్దే నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నానని అమ్మ చెబుతుంది. నాన్నగారు అక్కడ స్టేషన్ మాస్టర్. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు, దాని వెనక మా క్వార్టర్స్. ప్యాసింజర్ వచ్చి, వై.పి. రకం ఆవిరి ఇంజన్ నీళ్ళు పట్టుకునే ఆ కాసేపూ ఊళ్ళో సగం మంది ప్లాట్‌ఫారం మీదే ఉండేవారు.

1990లలో గేజి మార్పిడి జరిగి, మీటర్‌గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. పాత భవనం తీసేసి, కాంక్రీటుతో కొత్తది కట్టారు. నేను అప్పటికి దేశంలో లేను. తరువాత వెళ్ళి చూస్తే పాత గోడ పునాది ఏ చోట ఉండేదో కూడా పోల్చుకోలేకపోయాను.

ఈ పనిలోకి నన్ను దింపింది పెండన్ మ్యూజియం. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, డిడ్‌కాట్‌కు దగ్గరగా లాంగ్ విట్టెనమ్ అనే పల్లెలో ఉంది. రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా యువకుడు 1925లో ఇంగ్లండు వచ్చి, వైట్ హార్స్ లోయలోని పల్లెల మీద మనసు పారేసుకున్నాడు. గడ్డికప్పు ఇళ్ళు, పాత ఇటుక గోడలు కళ్ళముందే మారిపోతుంటే, కనీసం వాటి రూపమైనా నిలవాలని ఒక్కొక్క ఇంటినీ కొలిచి, ఫొటోలు తీసి, గోడల రంగులు రాసిపెట్టుకుని, అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన నమూనాలు కట్టడం మొదలుపెట్టాడు. 1954లో మ్యూజియం ఏర్పడింది. 1995లో ఆయన చనిపోయాక కూడా అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు 1920లు, 30ల నాటి ఆ లోయను అదే పద్ధతిలో కడుతూనే ఉన్నారు.

నేను వెళ్ళింది రైళ్ళు చూడటానికి. వెళ్ళిన కాసేపటికే రైళ్ళ సంగతి మరిచిపోయాను. ఆ ఇటుక గోడలు మామూలు అట్టతో చేసినవి. ఇటుకకూ ఇటుకకూ మధ్య సందును మొనతో నొక్కి గీసి, నీటిరంగులతో ఒక్కో ఇటుకకు ఒక్కో ఛాయ వేశారు. పెరళ్ళలో కూరగాయల మళ్ళు కూడా ఉన్నాయి. ఆ ఇళ్ళలో మనుషులు కాపురం ఉంటున్నారని నమ్మించేవి అరుగుదల, మసి, నాచు. గాజు పలక ముందు నిలబడి ఉండగానే మా స్టేషన్ బుకింగ్ కిటికీ కింద, డబ్బులు జరిపి జరిపి నున్నగా గుంటపడిన రాయి గుర్తొచ్చింది. అది ఇప్పుడు ఎక్కడా లేదన్న సంగతి కూడా అప్పుడే సరిగ్గా తెలిసివచ్చింది.

రెడింగ్‌లో మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో సిగ్నల్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంటి అటకను మొత్తం ఒక నమూనా బ్రాంచి లైనుగా మార్చుకున్నారు. నాకు పని నేర్పింది ఆయన. చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. నేను ఒక రేకుల షెడ్డుకు తుప్పు రంగు వేసి తీసుకువెళితే, చారను వేలితో చూపించి, "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అనేవారు. రేకును బిగించిన మేకు దగ్గర తుప్పు పుడుతుంది. వాన నీళ్ళు దాన్ని కిందికి ఈడుస్తాయి. అందుకే పైన సన్నగా, ముదురుగా మొదలై, కిందికి పోయేకొద్దీ పలచబడుతుంది. మేకు లేనిచోట చార ఉంటే అది అబద్ధం. చూరు కింద గోడ పైభాగం తడవదు కాబట్టి అక్కడ రంగు నిలిచి ఉంటుంది. నేల నుంచి అడుగు ఎత్తు వరకూ చూరునీళ్ళు చిమ్మిన మట్టి అంటుతుంది. పొగ ఎక్కువగా పట్టేది ఇంజన్ ఆగే చోట, బరువు లాగుతూ కదిలే చోట. విన్నాక ఎవరికైనా తెలిసిన సంగతులే అనిపిస్తాయి. ఆయన ప్రశ్న నాకు అలవాటైన తరువాత మాత్రం, రోడ్డు మీద ఏ గోడనూ ఊరికే దాటిపోలేకపోయాను. ఆఫీసుకు నడిచే దారిలో కాలువ పక్క పాత గిడ్డంగి గోడ మీద తెల్లటి ఉప్పు పొర ఎక్కడ ఆగిపోతోంది, ఎందుకు ఆగిపోతోంది అని నిలబడి చూసేవాణ్ణి.

సామాను చాలా తక్కువ. పాస్టెల్ కడ్డీలను బ్లేడుతో గీకితే వచ్చే పొడి, స్పిరిట్‌లో బాగా పలచగా కలిపిన నల్ల సిరా, వెంట్రుకలు అరిగిన కుంచెలు. సిరా నీళ్ళు పలకల సందుల్లోకి పారి, అక్కడ నిలిచి నీడ అవుతాయి. ఆ తరువాత కుంచెకు లేతరంగు అద్ది, కాగితం మీద దాదాపు మొత్తం తుడిచేసి, మిగిలిన లేశమాత్రపు రంగుతో ఉపరితలాన్ని తడిమితే అంచులు మాత్రమే తేలి వస్తాయి. పొడి మీద వార్నిష్ చల్లితే సగం మాయమైపోతుంది కాబట్టి మొదట కావలసినదానికన్నా ఎక్కువే పట్టించాలి. అసలు భవనం రంగునే తెచ్చి నమూనాకు పూస్తే ముదురుగా కనిపిస్తుంది. నిజం భవనాన్ని మనం దూరం నుంచి, మధ్యలో ఉన్న గాలినీ ధూళినీ దాటి చూస్తాం. బల్ల మీద ఆ దూరం ఉండదు. అందుకని ప్రతి రంగులోనూ కాస్త తెలుపో బూడిద రంగో కలపాలి. ఎంత కలపాలన్నది కన్ను చెప్పాల్సిందే.

బ్రిటన్‌లో ఎక్కువమంది కట్టేది 76వ వంతులో. నేను 87వ వంతు ఎంచుకున్నది మీటర్‌గేజి కోసం. వెయ్యి మిల్లీమీటర్లను 87తో భాగిస్తే పదకొండున్నర వస్తుంది. పన్నెండు మిల్లీమీటర్ల పట్టాలు బజారులో దొరుకుతాయి, ఎందుకంటే స్విట్జర్లాండ్‌లోని రేషియన్ రైల్వే కూడా మీటర్‌గేజే, దాని నమూనాలు చేసేవాళ్ళు యూరప్‌లో చాలామంది. ఆల్ప్స్ కొండల రైళ్ళ కోసం తయారైన పట్టాలు అలా మా నల్లమల స్టేషన్ ముందుకు వచ్చాయి. కంకర మాత్రం నేనే జల్లించాను. యాభై మిల్లీమీటర్ల కంకర రాయి 87వ వంతులో అర మిల్లీమీటరు పైచిలుకు. మామూలు ఇసుక పోస్తే పట్టాల మధ్య బండరాళ్ళు పేర్చినట్టు కనిపిస్తుంది. రాతి పొడిని టీ వడపోతలో జల్లించి, సన్నటి దుమ్ము తీసేసి, మధ్యలో మిగిలిన రవ్వను వాడాలి.

భవనం కొలతలకు మా దగ్గర నక్షా లేదు. ఉన్నది ఒక్క ఫొటో. నాన్నగారికి బదిలీ అయినప్పుడు స్టాఫంతా కలిసి తీయించుకున్నది. మెడలో దండతో నాన్నగారు మధ్యలో, చుట్టూ పాయింట్స్‌మన్లు, లాంప్‌మన్, పోర్టర్లు. వాళ్ళ భుజాల సందుల్లోంచి కనిపించే తలుపు, గోడ ముక్కలే నాకు ఆధారం. తలుపు ఏడడుగులు అనుకుంటే, ఆ లెక్కన కిటికీ ఎంత, చూరు ఎంత ఎత్తున ఉంది అని స్కేలు పెట్టి తీశాను. మిగతాదంతా ఫోన్లో రాబట్టుకున్నదే. నాన్నగారు రాత్రి డ్యూటీల్లో ఆ ప్లాట్‌ఫారం పొడవునా లాంతరు పట్టుకుని తిరిగిన మనిషి. ఆఫీసు గది ఎన్ని అంగలు, బుకింగ్ కిటికీ నేలకు ఎంత ఎత్తున ఉండేది, బండికి ముందుకు పోయే అనుమతిగా ఇచ్చే టోకెన్ల మిషన్లు ఏ గోడ వైపు ఉండేవి, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేవారు. ఆయన చెప్పడం అయ్యాక ఫోను అమ్మ చేతికి వచ్చేది.

నాన్నగారు కొలతలు చెప్పారు, అమ్మ మరకలు చెప్పింది.

"ఒరేయ్, తూర్పు గోడకు తలనూనె మరకలు పెట్టావా?" అంది ఒకసారి. "మధ్యాహ్నం నీడ అటే కదా. గ్యాంగ్‌మన్లు భోంచేసి ఆ గోడకే జారగిలబడేవాళ్ళు." నాకు ఒళ్ళు పులకరించింది. కూర్చున్న మనుషుల తలల ఎత్తున, గోడ పొడవునా, ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా, పసుపు పచ్చగా, మధ్యలో ముదురుగా ఉండే ఆ మరకలు మన ఊళ్ళలో ఏ అరుగు మీది గోడకు లేవు? ఏ పుస్తకంలోనూ వాటిని ఎలా వేయాలో రాసి లేదు. కాస్త గోధుమరంగు నూనె రంగును దూదికి అద్ది, ఆరబోయే ముందు వేలితో ఒత్తి చూస్తే వచ్చాయి. మరకకు వెనక మనిషి ఉన్నాడు, ఆ మనిషికి పొద్దున్నించీ పట్టాలు ఎత్తిన అలసట ఉంది. అమ్మ చెప్పకపోతే ఆ గోడ నా చేతిలో ఉత్త గోడగా మిగిలేది.

ఆమె చెప్పినవి ఇంకా ఉన్నాయి. వేసవిలో చలివేంద్రం కుండలు పెట్టే మూలలో, ఇసుక తడి ఆరక గోడకు పట్టే పాకుడు. లాంపుల గది తలుపు పక్క చేతి ఎత్తున కిరోసిన్ చేతుల నలుపు. పార్సిల్ గది మూలలో కిళ్ళీ ఎరుపు. నాన్నగారు ఎంత గొడవపడినా ఆ ఎరుపు పోలేదట. మేమందరం ఎక్కి దూకే తూనిక యంత్రం పలక మాత్రం మధ్యలో వెండిలా మెరుస్తూ, అంచుల్లో తుప్పుపట్టి ఉండేది. పిల్లల కాళ్ళు పడేచోట తుప్పు నిలవదు.

గోడలను రెండు పొరల అట్టతో కట్టాను. లోపల అడ్డం నిలువు పట్టీలు బిగించకపోతే, జిగురు ఆరేటప్పుడు అట్ట వంగిపోతుంది. ప్లాట్‌ఫారం మీద పరిచిన రాళ్ళకు మాత్రం మా ప్రాంతపు రాయినే వాడాలన్న కోరిక కలిగింది. మార్కాపురం పలకలు తెలియని తెలుగు బడి పిల్లలు ఒకప్పుడు ఉండేవారు కాదు. ఆ పలక రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు పగిలిన పలక ముక్కలు పెట్టెలో వేసుకుని వచ్చాను. సన్నటి బ్లేడును అంచున పెట్టి మెల్లగా తడితే పల్చని రేకులు ఊడివస్తాయి. వాటిని గళ్ళుగా కోసి పరిస్తే, ఆ బూడిద నలుపు ఏ రంగుతోనూ రాని నిజమైన రంగు. బలపం కూడా పనికొచ్చింది. గోడకు కొట్టిన సున్నం వానలకు కరిగి, కింది రాళ్ళ మీదికి కారిన తెల్లటి చారలకు పాస్టెల్ పొడి కన్నా బలపం పొడి బాగా కుదిరింది. అక్షరాలు దిద్దిన బలపం పొడితో ఆ చారలు వేస్తుంటే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఇక పెంకులు. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో పెంకుల కర్మాగారం పెట్టాక, ఆ తరహా పెంకు రైల్వే భవనాల మీదా, బడుల మీదా, ఆసుపత్రుల మీదా దక్షిణ దేశమంతా పరుచుకుంది. చదరపు మీటరుకు సుమారు పదిహేను పెంకులు పడతాయి. అంటే చిన్న స్టేషన్ పైకప్పుకు కూడా వెయ్యికి పైనే. గట్టి కాగితం పట్టీలను గాళ్ళు తీసిన ఇత్తడి అచ్చు మీద పెట్టి వెదురు పుల్లతో నొక్కి, పెంకు పెంకుగా కత్తిరించి, చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపు వరసలు పేర్చాను. వాన నీళ్ళు ఎటు పోవాలో అటే కదా పేర్చాలి. పట్టీని కత్తిరించకుండా నిడివిగా అంటిస్తే పని తొందరగా అవుతుంది కానీ, పాత కప్పులో ఒక్కో పెంకు ఒక్కో రకంగా కుదురుకుని ఉంటుంది. ఆ చిన్న వంకర్లు లేకపోతే కప్పు అచ్చుపోసినట్టుంటుంది.

పైకప్పు రంగులో మాకొక సొంత కథ ఉంది. పాత పెంకులు కొన్నేళ్ళ వానలకు నల్లబడతాయి. మా కప్పు మీద మాత్రం అక్కడక్కడ ఎర్రగా, కొత్తగా మెరిసే పెంకులు గుంపులు గుంపులుగా ఉండేవి. కారణం కోతులు. వేపచెట్టు కొమ్మ మీది నుంచి దూకి అవి దిగే చోటే పెంకులు పగిలేవి, అక్కడే మళ్ళీ మళ్ళీ కొత్తవి వేయించేవారు. అందుకని నా నమూనాలో ఎర్ర పెంకులు చెట్టు కొమ్మ కిందే ఉన్నాయి. వేపచెట్టును రాగి తీగలు మెలిపెట్టి ముందు చేసి, దాని కొమ్మ ఎటు వాలుతుందో చూసుకున్నాకే పెంకులకు రంగు వేశాను. పెద్దాయన ఒకరోజు ఆ ఎర్ర పెంకుల మీద వేలు పెట్టి తన ప్రశ్న అడిగారు. కోతుల సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వి, అటక మీద ఉన్నవాళ్ళందరినీ పిలిచి నా చేత మళ్ళీ చెప్పించారు.

నీళ్ళ టాంకు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నాలుగడుగుల చదరపు ఉక్కు పలకలను బోల్టులతో బిగించి కట్టిన టాంకు, ఎత్తైన రాతి కట్టడం మీద. పలకల అతుకుల్లోంచి నీళ్ళు కారి కారి, మా ప్రాంతపు నీటిలోని సున్నం తెల్లగా పేరుకునేది. దాని మీద తుప్పు, దాని మీద మళ్ళీ తెలుపు. ఏది ముందు కారింది, ఏది తరువాత అన్నది తేల్చుకోకుండా రంగు వేస్తే అది బురద అవుతుంది. ఒక పొర వేసి, ఆరనిచ్చి, దాని మీద ఉప్పు రవ్వలు తడిపి అంటించి, పై రంగు వేసి, ఆరాక రుద్దితే ఉప్పు రాలినచోట కింది తుప్పు బయటపడుతుంది. టాంకు కింద ఎప్పుడూ చిత్తడే. అక్కడ అమ్మ చేమదుంపలు వేసేది. ఆ చేమ ఆకులను ఆకుపచ్చ కాగితంతో ఒక్కొక్కటీ కత్తిరించాను. ఎండాకాలంలో ఆ లైను పక్కన ఎటు చూసినా తుమ్మ చెట్లూ ఎండు గడ్డీ తప్ప ఏమీ ఉండేది కాదు. పచ్చదనం ఉంటే టాంకు కిందే.

ఒక వేసవిలో అమ్మా నాన్నగారూ రెడింగ్ వచ్చారు. నమూనా అప్పటికి చాలావరకు పూర్తయింది. నాన్నగారు కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు మార్చుకుని చాలాసేపు చూశారు. పెంకులు చూశారు, కిటికీ చూశారు, సిగ్నల్ చెయ్యి వాలిన కోణం చూసి తల ఊపారు. ఆ తరువాత నెమ్మదిగా, "మన స్టేషన్ ఇంత మురికిగా ఉండేదా నాన్నా?" అన్నారు.

ఆయన మాటలో బాధ ఉంది. ఆ బాధ న్యాయమైనది. ఆయన హయాంలో ప్లాట్‌ఫారం రోజుకు రెండుసార్లు ఊడ్చేవారు. జనరల్ మేనేజర్ ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే నెల ముందు నుంచే హడావిడి. గోడలకు సున్నం, అడుగున కావి పట్టీ, చెట్ల మొదళ్ళకు కావీ సున్నం చారలు, పూలమళ్ళ చుట్టూ ఏటవాలుగా పాతిన ఇటుకలకు తెలుపు, నిప్పు ఆర్పే బకెట్లకు ఎర్ర రంగు. టోకెన్ మిషన్ల ఇత్తడిని చింతపండుతో తోమించి, చాలక తానే పంచె ముక్కతో తుడిచేవారు. ఆయన పనికి గుర్తు ఆ తెలుపు. నేను ఆ పనిని మొత్తం చెరిపేసి, ఇతరులు ఆ గోడకు చేసినదాన్ని మాత్రమే చూపించాను. అమ్మ నా పక్షం. "మురికి కాదండీ, జనం" అంది. వాళ్ళిద్దరూ ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా ఇదే మాట్లాడుకున్నారు.

మర్నాడు మళ్ళీ రంగులు తీశాను. మరకలను అలాగే ఉంచి, వాటి మీద తెలుపును బాగా పలచన చేసి ఒక పొర వేశాను. నిజం సున్నం కూడా అంతే చేస్తుంది. కొట్టిన రోజు అంతా తెల్లగా ఉంటుంది, కొన్నాళ్ళకు కింది నూనె మరక మెల్లగా పైకి తేలుతుంది. నాన్నగారు పక్కనే కూర్చుని చెబుతూ ఉంటే నేను వేశాను. చూరు కింద జానెడు మేర సున్నం కుంచె సరిగ్గా అందదు, అక్కడ పాత రంగు ఉండనివ్వమన్నారు. సిగ్నల్ తీగలు పోయే గొట్టం వెనక ఎవరూ కొట్టరు, అది కూడా వదిలేయమన్నారు. కావి పట్టీ పై అంచు నూలు పెట్టి గీయించేవాణ్ణి, వంకర ఉండటానికి వీల్లేదన్నారు. నేను రాతి పలకల మీద సున్నం చుక్కలు వేస్తే మాత్రం ఒప్పుకోలేదు. "సున్నం కొట్టిన సాయంత్రమే అవి కడిగించేవాణ్ణి" అన్నారు. అవి తుడిచేశాను. అలా ఆ స్టేషన్ ఇన్‌స్పెక్షన్ అయిన కొన్ని నెలలకు, ఒక వానాకాలం గడిచాక ఉన్న రూపంలో నిలిచింది. తూర్పు గోడ మీద తలల మరకలు తెలుపు కింద నుంచి లీలగా కనిపిస్తాయి. అది చూసి ఇద్దరూ ఒప్పుకున్నారు.

పాతబరచడంలో అతి గురించి ఒక మాట చెప్పాలి. నమూనా రైళ్ళ ప్రపంచంలో భవనాలకూ ఇంజన్లకూ కాలం మరకలు దిద్దడాన్ని ఒక కళగా నిలబెట్టిన తొలితరంలో జాన్ అలెన్ పేరు ముందు వస్తుంది. కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఆయన కట్టిన రైలు లోకం ఫొటోల ద్వారా దేశదేశాల వాళ్ళకు దారి చూపింది. ఆయన వృత్తి ఫొటోగ్రఫీ కాబట్టి వెలుగు దేనిమీద ఎలా పడుతుందో తెలుసు. 1973 జనవరిలో ఆయన చనిపోయిన కొద్ది రోజులకే ఆ కట్టడం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఫొటోలే మిగిలాయి. ఆయన తరువాత వచ్చిన చాలామంది ఆ మరకలను అనుకరించారు కానీ, వాటి వెనక ఉన్న కారణాన్ని పట్టుకోలేదని నా అభిప్రాయం. ప్రతి రేకూ తుప్పే, ప్రతి గోడా పెచ్చులే, ఊళ్ళో ఒక్క తలుపుకైనా కొత్త రంగు ఉండదు. అలాంటి ఊళ్ళో మనుషులు ఉండరు. మనుషులు ఉన్నచోట ఎవరో ఒకరు బాగుచేస్తూనే ఉంటారు. కొత్త పెంకు, మాసికవేసిన రేకు, వేరే రంగు తలుపు రెక్క, ఇవీ కాలం గుర్తులే. ఈ మాట నేను ఇంత గట్టిగా అనగలుగుతున్నది నాన్నగారు ఆ రోజు బాధపడ్డారు కాబట్టి.

చిన్న వస్తువుల దగ్గర నాన్నగారు చిన్నపిల్లవాడైపోయారు. గంటగా వేలాడదీసిన పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనుప కడ్డీ. టోకెన్ బంతిని తోలు సంచిలో పెట్టి డ్రైవరుకు అందించే పేము వలయం. అది 87వ వంతులో సన్నటి ఫ్యూజు తీగ చుట్టితే వచ్చింది. దాన్ని పోర్టరు చేతిలో పెట్టాలా, గోడకు తగిలించాలా అన్నదానిమీద చాలా చర్చ జరిగింది. చివరికి గోడకే తగిలించాం, ఎందుకంటే నమూనాలో బండి ఇంకా రాలేదు. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు పేర్లు, కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో. తెలుగు అక్షరాలు ఆ పరిమాణంలో కుంచెతో రాయడం నా వల్ల కాలేదు, అచ్చు వేయించి అంటించాను. నాన్నగారు భూతద్దం పెట్టి చదివి, దీర్ఘాలు సరిగ్గా ఉన్నాయని చెప్పారు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉంటున్నాను. నాన్నగారు లేరు. స్టేషన్ గాజు పెట్టెలో ఉంది. ఇక్కడి దుమ్ము ఆ కప్పు మీద పడితే చదునుగా, అన్నిచోట్లా ఒకేలా పేరుకుంటుంది, అది 87వ వంతు దుమ్ము కాదు కదా. వానాకాలంలో తేమకు అట్ట ఉబ్బకుండా పెట్టెలో సిలికా సంచులు పెడుతున్నాను.

ఈ మధ్య మొదలుపెట్టింది ఘాట్ సెక్షన్. గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి గాజులపల్లి వైపు నల్లమలలో పాత మీటర్‌గేజి దారి పోయేది. బొగద సొరంగం, లోయ మీద 1880ల్లో కట్టిన దొరబావి వంతెన ఆ దారిలోవే. గేజి మార్పిడిలో దారి మళ్ళించాక అవి అడవిలో ఉండిపోయాయి. ముందు సొరంగం ముఖం చేస్తున్నాను. మసి దాదాపు అంతా కమాను నెత్తి మీదే ఉంటుంది, పక్క గోడలకు కిందికి వచ్చేకొద్దీ రాయి రంగు కనిపిస్తుంది. పైగా బరువు లాగుతూ ఎక్కే ఇంజన్ వదిలే పొగ ఎక్కువ, దిగే ఇంజన్‌ది తక్కువ. అందుకే ఏ వైపు ముఖం ఎంత నల్లగా ఉండేదో తేల్చుకోకుండా రంగు ముట్టుకోదలుచుకోలేదు. అమ్మ ఆ సొరంగంలోంచి పోయిన ప్రతిసారీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నదే తప్ప గోడలు చూడలేదంటోంది.

మీలో ఎవరైనా గేజి మార్పిడికి ముందు ఆ లైనులో ప్రయాణించి ఉంటే, మీ ఇళ్ళలో ఆనాటి ఫొటోలు ఉంటే ఒకసారి తీసి చూడండి. ఇంజన్ ముందు నిలబడి తీయించుకున్నవి, పెళ్ళివారు ప్లాట్‌ఫారం మీద దిగినవి, బదిలీ సభలవి, ఏవైనా సరే. నాకు కావలసింది మనుషుల వెనక కనిపించే గోడ, ముఖ్యంగా నేల నుంచి మోకాలి ఎత్తు వరకూ. సొరంగం గిద్దలూరు వైపు ముఖం ఏ మూలనైనా కనిపిస్తే, ఆ ఫొటో ఏ నెలలో తీసిందో కూడా చెప్పండి. వానలకు ముందా, తరువాతా అన్నది తెలిస్తే నాచు ఎంత ఎత్తున పెట్టాలో తేలుతుంది.